పచ్చగాజుల చెయ్యి

ఫోను చేసినవాళ్ళు ఇప్పుడు పేరు కూడా అడగడం లేదు. "ఏం కెమెరాబ్బా నీది?" అంటున్నారు. చెప్పగానే "సరే, ఇంట్లో అనుకోని చెప్తాం" అని పెట్టేస్తున్నారు. ఇంట్లో ఏమనుకుంటారో ఏమో గానీ, తిరిగి చేసినవాడు ఒక్కడూ లేడు.

బనగానపల్లె బస్టాండు వెనక ఓబులేసు ఫోటో స్టూడియో గతి అట్లా అయింది. మాఘమాసం పెళ్ళిళ్ళు మూడు చేతికొచ్చినట్టే వచ్చి, కూడలిలో కొత్తగా తెరిచిన స్టూడియోకి పోయాయి. వాళ్ళ దగ్గర చీకట్లో కూడా పగల్లా తీసే కెమెరా ఉందట. ఓబులేసుది పదేళ్ళనాటిది. దాన్ని మెడలో వేసుకుని పోతే పెళ్ళికొడుకు స్నేహితులు ముసిముసిగా నవ్వుతున్నారు. షాపు కాగితాలు తాకట్టు పెట్టి కొత్తది కొనాలా, షట్టరు దించేసి సిమెంటు ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరాలా? ఈ రెంటి మధ్య నలిగి అతనికి తిండి సయించడం లేదు.

ఏమీ తోచక గురువు దగ్గరికి పోయాడు.

చౌడప్ప సార్ అతనికి పని నేర్పినవాడు. ఆరేళ్ళు ఆ ఇంట్లోనే తిని, ఫోటోలు కడిగే ఆ చీకటిగదిలోనే పడుకుని నేర్చుకున్నాడు ఓబులేసు. అన్నం పెట్టింది సార్ భార్య సుంకమ్మ. పిల్లల్లేని తల్లి. అతను ఆమెను అమ్మా అనే పిలిచేవాడు. ఆమె పోయి అప్పటికి ఆరు రోజులు.

చావింట్లో అడిగే మాటా అది? కాదు. ఓబులేసుకూ తెలుసు. కానీ పీకల మీదికి వచ్చిందాయె, ఆగలేకపోయాడు. అరుగు మీద ఐదు నిమిషాలు కూర్చున్నాడో లేదో, అంతా కక్కేశాడు.

"కొనేదా, మూసేసేదా? ఏదో ఒకటి మీరే చెప్పండి సార్. ఇంక నాతో కాదు."

చౌడప్ప అంతా విన్నాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"చెప్తాలే. ముందు నాకొక పని చేసిపెట్టు. దినాల నాటికి మీ అమ్మ ఫోటో ఒకటి కావల్ల."

ఓబులేసు తెల్లబోయాడు. ఊరందరి మొహాలూ తీసిన మనిషి ఇంట్లో ఆమె ఫోటో లేదా?

"పెండ్లప్పటిది ఒకటి ఉండాది. దాంట్లో ఆమెకు పదహారేండ్లు. నేనేమో ఇట్ల ఉండా. ఆ చిన్నపిల్లకు దండేసి ఏమని మొక్కేది?" అన్నాడు చౌడప్ప. "ఆధార్ కార్డులో ఉండేది తాను కాదని ఆమే అనేది. చుట్టాల ఫోన్లన్నీ చూసినా. ఎవురి ఫోన్లో చూసినా ఎవురి మొగం వాళ్ళే తీసుకున్నారు."

"మీరెప్పుడూ తీయలేదా సార్?"

"కూచోవే అంటే పొయ్యి మీద పాలుండాయి అనేది. సరే, రేపు అనేవాన్ని." ఓబులేసు వైపు తిరిగాడు. "నా తమ్ముని కూతురు పెండ్లి ఈ ఇంట్లోనే గదా జరిగింది. మూడు దినాలూ నువ్వే తీసినావు. చూడు, దొరుకుతుంది."

ఓబులేసుకు ప్రాణం లేచొచ్చింది. సార్ కోసం చేయగలిగిన పని ఒకటి ఉంది. పరుగులాంటి నడకతో షాపుకొచ్చి హార్డ్‌డిస్క్ పెట్టాడు. మూడువేల పైచిలుకు ఫోటోలు.

తలంబ్రాల దగ్గర, గుంపు వెనక ఆమె కొప్పు. భోజనాల దగ్గర, వంగి వడ్డిస్తున్న వీపు. ఇంటివాళ్ళంతా కలిసి దిగిన ఫోటోలో అందరూ ఉన్నారు, ఆమె లేదు. ఎందుకు లేదో గుర్తొచ్చింది. "అమ్మా, ఫోటోకు అడ్డం వస్తున్నావు, కొంచెం పక్కకు జరుగు" అన్నది తనే. ఆమె నవ్వి, నీళ్ళ బిందెతో సహా పక్కకు జరిగింది.

ఒక్క ఫోటోలో మాత్రం మొహం ఉంది. పెళ్ళికూతురి జడకుచ్చుల కోసం తీసిన ఫోటో అది. వెనక గుమ్మంలో నిలబడి ఆమె నేరుగా కెమెరావైపే చూస్తోంది. ఓబులేసు ఆత్రంగా పెద్దది చేశాడు. కుచ్చుల్లో ఒక్కొక్క దారం లెక్కపెట్టొచ్చు. ఆమె మొహం మాత్రం పిండిముద్దలా ఉంది. వెనకంతా ఎంత బాగా మసకేసిందో చూడండని ఆ రోజుల్లో ఆ ఫోటోనే ఊరందరికీ చూపించుకున్నాడు.

"ఛీ, నా బతుకు!" అని తల బల్లకేసి కొట్టుకున్నాడు. చాలాసేపు ఏడ్చాడు. కెమెరా కోసం ఇన్ని రోజులుగా కుమిలిపోయినా ఇంత ఏడుపు రాలేదు.

చిట్టచివరికి పెళ్ళికొడుక్కి పాలు ఇస్తున్న ఫోటో దగ్గర ఆగాడు. అంచులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి గ్లాసు అందిస్తోంది. పచ్చగాజులు. మణికట్టు మీద రొట్టెల పెనం కాల్చిన మచ్చ. ఆ చెయ్యి ఎవరిదో అతనికి ఒకరు చెప్పాలా! ఆరేళ్ళు ఆ చేతి కూడు తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే దాన్నే పెద్దదిగా ప్రింటు వేసి, ఫ్రేము కట్టించి పట్టుకెళ్ళాడు.

"ఇదొక్కటే దొరికింది సార్." ఫ్రేము ముందుకు చాపాడు. "ఆమె వచ్చింది సార్ ఫోటోలోకి. నేనే జరగమన్నా."

చౌడప్ప ఫ్రేము తీసుకుని గడపలో వెలుతురుకు కూర్చున్నాడు. పాత భూతద్దం తెచ్చుకుని గాజులు చూశాడు, వేళ్ళు చూశాడు, మచ్చ దగ్గర చాలాసేపు ఆగాడు. అద్దం మీద బొటనవేలితో ఆ మచ్చను ఒకసారి నిమిరాడు. తర్వాత లేచి, ఆమె కూర్చునే పీట వాల్చి, దాని మీద ఫ్రేమును గోడకు ఆనించి నిలబెట్టాడు.

"బాగా పడింది రా. మచ్చ గూడ కనపడతాంది."

ఓబులేసు తలెత్తలేదు.

"కెమెరా సంగతి అడిగినావు గదా," అన్నాడు చౌడప్ప, ఫోటో మీంచి చూపు తిప్పకుండానే. "కొత్తదై ఉంటే ఈ చెయ్యి ఇంకా బాగా పడేది లే రా. చెయ్యే పడేది."