నీలకంఠం ఇసుక మీద గీసిన చేపలు

ఇలా దగ్గరికి జరగండి పిల్లలూ. ఆ చాప చివర కూర్చున్నవాళ్లు కూడా రండి, ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. అరుగు మీద పెద్దవాళ్లు వింటున్నారా? విననివ్వండి. అసలు సగం వాళ్ల కోసమే చెబుతున్నాను.

బంగారయ్యగారని బొమ్మలు వేసే గురువు ఒకాయన ఉండేవారు. కొండ దిగువ పల్లెలో ఉంటూ రథాల చెక్కలకీ, ఎడ్లబండ్లకీ, పెళ్లిపీటలకీ బొమ్మలు వేసేవారు. ఆయనకొక అలవాటు. శిష్యులు ఏదైనా అడిగితే ఆ రోజు బదులు చెప్పరు. “చూద్దాం” అని కుంచె కడుక్కుంటూ కూర్చుంటారు. అడిగినవాడు రెండు రోజుల్లో మరిచిపోతే అది అడగవలసిన ప్రశ్నే కాదని ఆయన అభిప్రాయం.

ఆయన శిష్యుల్లో పెద్దవాడు నీలకంఠం. చెయ్యి మంచిది, మనసే స్థిమితంగా ఉండేది కాదు. గిన్నె మీద మూత పక్కకి జరిగి ఉంటే ఎవరో తినిపోయారనుకునేవాడు. నలుగురు నవ్వుకుంటూ కనిపిస్తే తన గురించేననుకునేవాడు. అతను తలుపులు వేసుకుని సొంతంగా ఒక బొమ్మ తయారుచేసుకున్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే వందలాది చిన్న చేపలు. నాలుగడుగులు వెనక్కి వేస్తే అవన్నీ కలిసి ఒకే పెద్ద చేప. ఆ కిటుకంతా ఒక్క గీతలో ఉంది. తల దగ్గర మొదలై, చిన్న చేపల మధ్య నుంచి వంపులు తిరుగుతూ, ఎక్కడా తెగకుండా తోక దాకా పోయే గీత అది. ఆ బొమ్మని కాగితం మీద గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి పెట్టుకున్నాడు. అలాంటి కాగితాన్ని గోడకి ఆనించి బొగ్గుపొడి అద్దితే బొమ్మ చుక్కలుగా గోడ మీదికి దిగిపోతుంది. ఎవరు అద్దినా దిగిపోతుంది. అదే అతని దిగులు. కాగితాన్ని చుట్టగా చుట్టి, మైనపు గుడ్డలో కట్టి, తలకింద పెట్టుకుని పడుకునేవాడు.

ఒకరోజు గురువుగారిని అడిగాడు. “మన చేతిలో ఉన్న విద్య దొంగలపాలు కాకుండా కాపాడుకోవడం ఎలాగండీ?”

గురువుగారు చూద్దామన్నారు. నీలకంఠం మరిచిపోలేదు. మళ్లీ అడిగాడు, ఆ మర్నాడూ అడిగాడు. చివరికి ఆయన, రేపు పొద్దుటి బస్సుకి గవ్వలరేవు పోయి సాయంత్రానికి తిరిగి వచ్చేద్దామనీ, తలకింద దాచుకున్న చేపల్ని కూడా వెంట తెచ్చుకోమనీ చెప్పారు.

గవ్వలరేవు సముద్రం ఒడ్డున ఊరు. ఒకప్పుడు పడవలూ ఎండుచేపలూ తప్ప మరేం ఉండేవి కావట. తర్వాత బొమ్మలు వేసేవాళ్లూ, మట్టిపాత్రలు చేసేవాళ్లూ, గవ్వలతో దీపాలు కట్టేవాళ్లూ ఒక్కొక్కరే వచ్చి స్థిరపడ్డారు. ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఒక్కో గోడకీ ఒక్కో రంగు. పాడైన పడవల్ని కోసి కాఫీ హోటళ్ల ముందు బల్లలుగా వేశారు. ఆ ఊళ్లో చినగవరమ్మగారని ఒకావిడ బస నడుపుతుంది. ఆవిడ ఇంటికి సముద్రంవైపు ఒక పెద్ద గోడ ఉంది. ఉప్పుగాలికి రంగు ఏటా పెచ్చులూడిపోతుంది కాబట్టి ఏటా కొత్త మనిషి కొత్త బొమ్మ వేస్తాడు, కింద తన పేరు రాసుకుంటాడు. వేటకి వెళ్లేవాళ్లకి నీళ్ల మీద నుంచి కూడా ఆ గోడ కనిపిస్తుంది. నీలకంఠం అంతవరకూ వేసిన బొమ్మలన్నీ గురువుగారి పేరు మీదే పోయాయి. తన పేరు ఒక్క గోడ మీద చూసుకోవాలని అతనికి ఎంతో కాలంగా ఉంది. ఆ ఏటికి ఆ గోడ ఎవరికి దక్కుతుందో తేలేది వాళ్లు వెళ్లిన రోజే.

బస్సు దిగుతూనే అతనికి ఎర్రగొడుగు వేసుకున్న మనిషొకడు కనిపించాడు. వాళ్లు ఏ సందు తిరిగితే ఆ సందే తిరుగుతున్నాడు, వాళ్లు నిలబడితే తనూ నిలబడుతున్నాడు. కాఫీ పోసిన పిల్ల ఆ చుట్టలో ఏముందని అడిగింది. జాతకాలని చెప్పాడు నీలకంఠం. చుట్ట పెట్టుకోమని ఇంకెవరో కుర్చీ జరిపితే, దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ కుర్చీలో తనే కూర్చున్నాడు. అంత రంగుల ఊరు చూడ్డానికి వచ్చి, ఎవరెవరు తనని చూస్తున్నారో లెక్క చూసుకోవడంలోనే పూట గడిపేశాడు. గురువుగారు మాత్రం ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ప్రతి గోడ ముందూ ఆగి, నచ్చినదాన్ని పక్కవాళ్లకి కూడా చూపించి మరీ మెచ్చుకున్నారు.

సముద్రం వెనక్కి తగ్గే వేళకి అందరూ ఒడ్డుకి చేరారు. అప్పుడు తెలిసింది అక్కడి పద్ధతి. చినగవరమ్మగారు కాగితాలు చూడదట.

“కాయితం మీద ఎవుడి సెయ్యున్నాదో నాకేటి తెలుస్తాది బాబూ,” అందావిడ. “తడి ఇసక మీద గియ్యి. అందరం సూస్తాం. పొద్దుగూకేలోగా సముద్రం ఎలాగూ తుడిసేస్తాది, నీకేటి పోయింది?”

నీలకంఠం చుట్టని చంకలో ఇంకా గట్టిగా బిగించుకున్నాడు. బొమ్మలన్నీ ఊరికే పట్టుకుపోవడానికి వీళ్లంతా కూడబలుక్కుని పెట్టిన ఏర్పాటు ఇదని తీర్మానించుకున్నాడు. నిజంగానే జనం ఒకరి బొమ్మ దగ్గర ఒకరు చతికిలపడి, చూస్తూ పక్కనే గీసుకుంటున్నారు. దాచుకోవడం లేదు, సిగ్గుపడటం లేదు. ఎర్రగొడుగు మనిషి కూడా గొడుగు మడిచి ఇసుకలో గుచ్చి, దక్షిణంవైపు పడవలు గీయడం మొదలుపెట్టాడు.

అప్పుడు నీలకంఠానికి ఒక ఉపాయం తట్టింది. చేపలన్నీ గీశాడు. పొలుసులతో సహా, శ్రద్ధగా, ఒక్కటీ వదలకుండా గీశాడు. వాటిని కలిపే ఆ ఒక్క గీత మాత్రం వదిలేశాడు. ఎత్తుకుపోయేవాడు ఎత్తుకుపోనీ, వాడికి దక్కేది పొట్టే, గింజ నా దగ్గరే ఉంటుంది అనుకున్నాడు. ఆ రోజు మొత్తంలో అతనికి కాస్త హాయిగా అనిపించింది అప్పుడే.

కాసేపటికి ఎర్రగొడుగు మనిషి వచ్చి పక్కన నిలబడ్డాడు. పేరు అప్పలకొండ అని తనే చెప్పుకున్నాడు. చేపల్ని వంగి చూశాడు, వెనక్కి పోయి చూశాడు, తల గోక్కున్నాడు.

“సేపలు పానంతో ఉన్నాయి బాబూ. గానీ వీటన్నిటినీ ఏదో ఒకటి పట్టుకుని ఉండాలనిపిస్తన్నాది. గంపలోంచి ఒలికిపోయినట్టున్నాయి. ఇక్కడ తల కాడ నుంచి ఒక గీత లాగితే ఎలాగుంటాది?”

నీలకంఠం అతనికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. వీడు సరిగ్గా దాని కోసమే వచ్చాడు, నా నోటి నుంచి లాగాలని చూస్తున్నాడు అనుకున్నాడు. అక్కడ గీతేమీ అక్కర్లేదనీ, తమవైపు చేపలు ఇలాగే ఉంటాయనీ చెప్పాడు. అప్పలకొండ నవ్వి, మీవైపు సముద్రమే లేదు కదా బాబూ అని తన పడవల దగ్గరికి వెళ్లిపోయాడు.

చినగవరమ్మగారు చీరకుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఒక్కో బొమ్మ చుట్టూ తిరిగింది. నీలకంఠం చేపల దగ్గర అందరి దగ్గరకన్నా ఎక్కువసేపు నిలబడింది. ఆవిడకి ఏదో అందీ అందనట్టుంది. వెనక్కి నడిచి, కళ్లు చికిలించి చూసి, చివరికి నిట్టూర్చింది.

“సెయ్యి బాగుంది నాయనా. ఒక్కో సేపా బాగుంది. అన్నీ కలిపి సూసే సూపు ఇంకా రాలేదు నీకు. వచ్చే ఏడు రా.”

చుట్ట అతని చంకలోనే ఉంది. ముడి విప్పి పరిస్తే చాలు. లేదా కాలి బొటనవేలితో ఆ ఒక్క గీత లాగినా చాలు, వెయ్యడానికి చిటికెసేపు పట్టదు. కానీ ఆవిడ పక్కన అప్పలకొండ నిలబడి ఉన్నాడు, అతని వెనక ఇంకా పదిమంది. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. నీలకంఠం ఆ మొహాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. చెయ్యి ముడి దాకా వెళ్లి, దాన్ని ఇంకాస్త బిగించి వెనక్కి వచ్చింది. చినగవరమ్మగారు ముందుకి కదిలింది. గోడ అప్పలకొండ పడవలకి దక్కింది.

తర్వాత నీళ్లు ఎక్కడం మొదలైంది. జనం కాఫీలకి పోయారు. నీలకంఠం మాత్రం చేపలన్నీ చెరిగిపోయేదాకా అక్కడే కాపలా ఉన్నాడు.

సాయంత్రం గురుశిష్యులిద్దరూ బస్సు కోసం నిలబడ్డారు. బస్సు దూరంగా మలుపు తిరుగుతుండగా నీలకంఠం, అది తన అసలు బొమ్మ కాదనీ, కావాలనే గీత వదిలేశాననీ చెప్పాడు. గురువుగారు తనకి తెలుసన్నట్టు తలూపారు. మరి దొంగ వచ్చాడా అని అడిగారు.

“వచ్చే ఉంటాడండీ. ఆ గుంపులో ఎవడో చెప్పలేనుగానీ, వచ్చే ఉంటాడు.”

బంగారయ్యగారు పైపంచె దులిపి భుజం మీద వేసుకున్నారు.

“ఉంటాడు నాయనా. నువ్వు గీసింది వాడి కోసమే. చూసింది మాత్రం మేమందరం.”

అంతే. దీనికి అర్థం చెప్పమని నన్ను అడక్కండి, గురువుగారే చెప్పలేదు. లేవండి, చాప మడవాలి. ఇళ్లకి పోయి వేడిగా ఉండగానే అన్నాలు తినండి.