ఏం తగ్గింది?

పాలకొండలో సుభద్ర అనే ఆవిడ ఎవరు ఏం చెప్పినా సగం విని, మిగతా సగం తనే పూరించుకుంటూ ఉండేది.

ఆవిడ కూతురు హైమకు డెంగీ వచ్చి ఆస్పత్రిలో చేర్చారు. ఐదోనాటికి జ్వరం దిగింది. "ఇంకా ఎందుకండీ, ఇంటికి పంపించేయండి" అని సుభద్ర డాక్టరు గారి వెంటపడింది. రోజూ పొద్దున్నే రక్తపరీక్ష చేయించాలన్న షరతు మీద ఆయన ఒప్పుకున్నాడు.

నర్సు దీవెనమ్మ చీటీ మీద తన నంబరు రాసిచ్చింది. "జ్వరం దిగాకే జాగ్రత్తగా ఉండాలమ్మా. ఇవాళ ప్లేట్‌లెట్ల కౌంటు ఎనభై వేలు. రేపు ఎంత వచ్చిందో నాకు చెప్పాలి" అంది.

"అలాగే సిస్టర్" అంది సుభద్ర, అప్పటికే సంచి భుజాన వేసుకుని.

మర్నాడు పరీక్ష చేయించారు. కాసేపటికి ల్యాబ్ అమ్మాయి ఫోన్ చేసి, "తగ్గిందండీ..." అంటూ ఉండగానే, "తగ్గిందా! చల్లని మాట చెప్పావు తల్లీ" అని సుభద్ర ఫోన్ పెట్టేసింది. పరమాన్నానికి పాలు పొయ్యి మీద పెట్టింది.

మధ్యాహ్నం దీవెనమ్మే ఫోన్ చేసింది. ఆవేళ ఆవిడకు సెలవు. కూరగాయల బజారులో ఉంది.

"కౌంటు ఎంతమ్మా?"

"తగ్గిందన్నారు సిస్టర్!"

"ఏం తగ్గింది?"

"అదే సిస్టర్... తగ్గిందనే అన్నారు" అంది సుభద్ర.

"బెండకాయలు తర్వాత తూద్దువుగాని, ఆగవయ్యా!" అని కూరగాయలవాడితో అని, దీవెనమ్మ మళ్లీ ఫోన్‌లోకి వచ్చింది. "అమ్మా, తగ్గాల్సింది జ్వరం. కౌంటు తగ్గకూడదు. అంకె ఎంతో అడగండి."

ల్యాబ్‌కు ఫోన్ చేసి అడిగితే ఇరవై రెండు వేలు. సుభద్ర ఆ అంకె చెప్పగానే, "వెంటనే ఆస్పత్రికి తీసుకురండి, నేనూ వస్తున్నా" అంది దీవెనమ్మ.

"పొద్దున పళ్లు తోముకుంటుంటే నెత్తురు కనబడిందమ్మా. నువ్వు తగ్గిందన్నావుగా, అందుకే చెప్పలేదు" అంది హైమ.

ఆటో ఆస్పత్రికి చేరేసరికి దీవెనమ్మ గుమ్మంలోనే ఉంది, చేతిలో ఖాళీ సంచితో. మంచం సిద్ధం చేయించింది. డాక్టరు గారు వచ్చి చూసేదాకా కదల్లేదు.

నాలుగో రోజుకు కౌంటు లక్ష దాటింది. ఈసారి ఇంటికి వెళ్లేముందు దీవెనమ్మ చెప్పిన ప్రతి మాటా సుభద్ర తిరిగి అప్పజెప్పింది. వారం పాటు రోజూ అంకె క్యాలెండరులో రాసి, ఆవిడకు చెప్పింది.

"మీ అమ్మాయికి తగ్గిందా?" అని పక్కింటావిడ అడిగితే, "ఏది తగ్గిందని అడుగుతున్నారండీ?" అంది.

సగం మాట విని సంబరపడకూడదు; పూర్తిగా విని, దీవెనమ్మలా మళ్లీ అడిగి తెలుసుకున్నవాళ్లే ప్రాణం నిలబెడతారు.