నట్టింట్లో జలతరంగం

మణిమంథపురం రాజు రణమల్లుడికి ఆ పొద్దున నిద్ర లేస్తూనే చిరాకు ముంచుకొచ్చింది. వంటవాడు పప్పు మాడ్చాడని రాణిగారు, తోటను కోతులు బతకనివ్వడం లేదని తోటమాలి, గుర్రానికి జలుబు చేసిందని సేనాపతి. పళ్లు తోముకోవడం పూర్తికాకముందే ఇన్ని ఫిర్యాదులు. సభకు వస్తూనే సింహాసనం చేతిమీద చరిచాడు.

“ఇవాళ సభలో ఫిర్యాదనేది నా చెవిన పడకూడదు! మొదట ఎవరి నోట వస్తుందో వాళ్లు సభలో ఆసనమూ వదులుకోవాలి, ఉంటున్న ఇల్లూ వదులుకోవాలి!”

అందరూ తలలు దించుకున్నారు. ఒక్క ఉద్దండరాయుడు మాత్రం మీసాల చాటున నవ్వుకున్నాడు. రాజుగారి విద్యాపీఠంలో పనిచేసేవాళ్లకు ఇళ్లు ఇచ్చేదీ, వాటి బాగోగులు చూడాల్సిందీ ఈ గృహాధికారే. తనకేమో మేడ, తక్కినవాళ్లకు తాటాకు కప్పు. దంచినమ్మకు బొక్కిందే కూలి అన్నట్టు ఏళ్లుగా సాగిపోతోంది.

అక్కిభట్టు మాత్రం ఇరుకున పడ్డాడు. అతను విద్యాపీఠంలో సంగీతం చెప్పే పంతులు. పోయిన ఉగాదికి అక్కడి ఉద్యోగులంతా తమ తరఫున సభలో మాట్లాడమని అతణ్ని ఎన్నుకున్నారు. మాటకారి అని కాదు, పిలిస్తే సందు చివరిదాకా వినపడే గొంతు అని. మంత్రులకు కుర్చీలు, అతనికో పీట. ఆ పీట మీద నుంచి కారే ఇళ్ల గోడు చెప్పుకుందామని వచ్చాడు పాపం.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు భార్య మల్లాంబ గుమ్మంలో అడ్డం నిలబడింది. “కప్పు సంగతి తేల్చకుండా వస్తే పిల్లదాన్నెత్తుకుని మా పుట్టింటికి పోతాను. ఉయ్యాల ఏ మూలకి జరిపినా దాని మొహం మీదే చినుకు!”

నోరు తెరిస్తే పీట పోతుంది, తెరవకపోతే పెళ్లాం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఉద్దండరాయుడు లేచాడు. “ప్రభూ! ఫిర్యాదులే లేనప్పుడు ఉద్యోగులకో పీట దండగ కదండీ! నేను ఏటా నడివేసవిలో ఇల్లిల్లూ తిరిగి తనిఖీ చేస్తాను. ఇంతవరకూ ఒక్క చుక్క కారగా చూళ్లేదు.”

నడివేసవిలో ఏరే ఎండిపోతుంది, ఇక కప్పేం కారుతుంది?

“ఏమయ్యా అక్కిభట్టూ, నువ్వేమంటావ్?” అన్నాడు రాజు. “ఫిర్యాదైతే మాత్రం పీట ఎత్తించేస్తాను.”

బయటెక్కడో ఉరిమింది. ఆ ఉరుముతోనే అక్కిభట్టు బుర్రలో ఏదో తళుక్కుమంది.

“ఎంత మాట ప్రభూ! గృహాధికారిగారికి నలుగురిలో కృతజ్ఞత చెప్పుకుందామనే వచ్చాను.”

ఉద్దండరాయుడు మీసం దువ్వుకున్నాడు.

“వారి చలవ వల్ల పక్క మీద పడుకునే చుక్కలు చూస్తాం. జ్యోతిషం చెప్పే సోమయాజులుగారైతే గ్రహాల కోసం గడప దాటడమే మానేశారు.”

“భలే భలే!” అన్నాడు రాజు.

“ఇరుగుపొరుగుల మధ్య అరమరికల్లేవు. మా ఇంట్లో పులుసు కాగితే పక్కింటావిడ గోడలోంచే గరిటె చాపి రుచి చూసిపెడుతుంది.”

ఉద్దండరాయుడి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

“అన్నిటికన్నా గొప్పది వాన కచేరీ ప్రభూ! మబ్బు పట్టగానే నట్టింట్లో చెంబు, గిన్నె, మూకుడు, గంగాళం వరసగా పరిచేస్తాం. చినుకులే పైనుంచి దిగి జలతరంగం వాయిస్తాయి. మొన్న మోహన రాగం పలికింది. గంగాళం ఒక్కటే శ్రుతి తప్పింది. అది గంగాళం తప్పే, కప్పు తప్పు కాదు.”

రణమల్లుడు సంగీతమంటే చెవి కోసుకుంటాడు. సింహాసనం మీంచి దిగ్గున లేచాడు.

“నా భవనంలో వానొస్తే కప్పల బెకబెకలు తప్ప ఏముంది! అక్కిభట్టూ, ఇవాళే మీ ఇంటికొస్తున్నా. అక్కడే భోజనం, ఆ నట్టింట్లోనే పడక. ఎవరక్కడ, పల్లకీ!”

ఉద్దండరాయుడు రాజుకు అడ్డం వచ్చాడు. “ప్రభూ, ఆ ఇల్లు మరీ చిన్నదండీ...”

“నేనేం ఏనుగునా?”

“దారంతా బురదండీ...”

“పల్లకీకి బురదేమిటయ్యా?”

అక్కిభట్టు వినయంగా వంగాడు. “ప్రభువులకు నడిదూలం కింద పక్క వేయిస్తాను. కచేరీ అక్కడే బాగా వినపడుతుంది.”

“నడిదూలం కిందా!” ఉద్దండరాయుడు గావుకేక పెట్టాడు. “వద్దు ప్రభూ! అది చెద తినేసింది, గట్టిగా తుమ్మితే నెత్తిన పడుతుంది! కప్పు నిండా చిల్లులే, గోడ ఇవాళో రేపో కూలుతుంది! ఏటా చూస్తూనే ఉన్నాగా! చచ్చినా ఆ ఇంట్లో నేను కాలు పెట్టను!”

సభలో అందరి తలలూ అతనివైపు తిరిగాయి. అక్కిభట్టు తాపీగా పీట మీద చతికిలపడ్డాడు.

“చూశారా ప్రభూ! ఉద్యోగుల తరఫున గృహాధికారిగారే ఫిర్యాదు చేశారు. నాకైతే ఇంత బాగా వచ్చేది కాదు.”

రణమల్లుడు ముందు తెల్లబోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని, కిరీటం చెవి మీదికి జారేదాకా నవ్వాడు.

“మాటంటే మాటే! ఉద్దండరాయా, ఆసనం దిగు. నీ మేడలోకి ఈ పూటే అక్కిభట్టు కాపురం వస్తుంది. విద్యాపీఠంలో ప్రతి ఇంటికీ కొత్త కప్పు పడేదాకా నువ్వు అతని ఇంట్లో ఉండు. ఇకమీదట ఇళ్ల విషయంలో ఈ పీట మాటే చెల్లుతుంది!” అంటూ మెడలోని ముత్యాల హారం తీసి అక్కిభట్టు మెడలో వేశాడు.

ఉద్దండరాయుడు గబగబా అక్కిభట్టు దగ్గరికొచ్చి చేతులు పట్టుకున్నాడు. “బాబ్బాబూ, ముందు ఆ ఇంటి కప్పే వేయించండి. మబ్బు కమ్మేసింది!”

అక్కిభట్టు ఆ చేతులను ఆప్యాయంగా తట్టాడు.

“దానికేముందండీ, నడివేసవిలో వచ్చి తనిఖీ చేస్తాం!”

సభంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల్లో వాన మొదలైన చప్పుడు కూడా ఎవరికీ వినపడలేదు, ఒక్క ఉద్దండరాయుడికి తప్ప.