గంపల వాళ్ళు ఇల్లు మారిన వైనం

గవ్వలపాలెంలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే గంపల వాళ్ళు తమ ఇంటి వైపే వేలు చూపిస్తారు. ఒక్కరు చూపిస్తే జనం నమ్మరేమోనని ఇంటిల్లిపాదీ చూపిస్తారు. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తామనీ, మధ్యలో సొంత బుర్ర పెట్టి పాడు చెయ్యమనీ పెద్దవాడు దాలినాయుడు గొప్పగా చెప్పుకుంటాడు. నిజమే నాయనా. ఏళ్ళ తరబడి వాళ్ళ పక్కింట్లో కాపురం చేస్తున్నదాన్ని, ఆ బుర్ర బయటికి తియ్యగా నేను ఒక్కసారీ చూడలేదు. అరిగిపోతుందని దాచుకున్నారు కాబోలు.

ఆ ఇంట్లో నలుగురు. తల్లి పైడమ్మ, పెద్దకొడుకు దాలినాయుడు, అతని పెళ్ళాం ఎర్నమ్మ, పెళ్ళి కాని చిన్నకొడుకు గవరయ్య. ఇల్లు సముద్రానికి ఎంత దగ్గరంటే, పున్నమికీ అమావాస్యకీ కెరటం వచ్చి గడప కడిగి పోతుంది. కడిగే పని తప్పిందని ఎర్నమ్మ మురిసిపోయేది. ముసల్దానికి మాత్రం ఆ చెమ్మకి ఉబ్బసం పట్టుకుంది. పక్క తడి, దిండు తడి, కప్పుకున్న దుప్పటి తడి. ఈ వానాకాలం కూడా ఈ తడిలోనే ఉంచితే మీ అమ్మ మీకు దక్కదు, మెట్ట మీద పొడిగా ఉండే ఇంట్లో పడుకోబెట్టండి అని డాక్టరు గారు మొహం మీదే చెప్పేశారు. పైడమ్మ కోరిక కూడా అదొక్కటే. బంగారం అడగలేదు, తీర్థయాత్ర అడగలేదు. పోయేలోగా పొడి పక్క మీద పడుకోవాలని ఉంది, అంతే.

అంటే వానలు పడేలోగా ఈ ఇల్లు అమ్మాలి, మెట్ట మీద ఒకటి కొనాలి, సామాను చేరవెయ్యాలి. నేను కాస్త చెప్పబోయాను. నా మాట ఎందుకు వింటారు? నేను ఊరికే చెప్తాను. మా ఊళ్ళో సలహా అంటే సోమలింగం గారిదే, ఒక్కో సలహాకి ఒక పెసరట్టూ ఒక టీ. ఇల్లు ఎలా అమ్మాలో, ఎలా కొనాలో, ఎలా మారాలో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలీదు. ఆయనకి సొంతిల్లు లేదు. అద్దె సరిగ్గా కట్టడు కాబట్టి ఇళ్ళు మారడంలో మాత్రం బోలెడంత అనుభవం.

మొదటి పెసరట్టుకి ఆయన ఇలా చెప్పాడట. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు పట్టింది ఏదీ కొనేవాడి కంట పడనివ్వకండి. ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ సుత్తీ శానమూ పట్టుకుని దిగారు. తలుపుల బందులు తుప్పు, పీకేశారు. గొళ్ళేలు తుప్పు, పీకేశారు. కిటికీ ఊచలు, కుళాయి, దూలానికి కొట్టిన మేకులు, అన్నీ పీకి సముద్రంలో పారేశారు. సాయంత్రానికి ఇంట్లో తుప్పన్నది మచ్చుకైనా లేదు. తలుపులు మాత్రం గోడకి చేరబడి నిలబడ్డాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఇందుకే అన్నారు.

రెండో పెసరట్టుకి ఇంకో సలహా. గోడల మీద మీ వాళ్ళ ఫోటోలు ఉంచకండి, కొనేవాడు గడప దాటగానే ఇది తన ఇల్లే అనుకోవాలి. ఇది గంపల వాళ్ళకి బాగా నచ్చింది. కొనడానికి వస్తున్నది రొయ్యల చెరువుల నూకరాజు గారు, సముద్రం ఒడ్డున లాడ్జి కట్టాలని ఆయన ఉబలాటం. ఆయన ఫోటోకి కొదవేముంది? ప్రతి పండక్కీ శుభాకాంక్షలు చెప్తూ ఆయన మొహం ఊరి సెంటర్లో బారెడు ఫ్లెక్సీ మీద వేలాడుతూనే ఉంటుంది. గవరయ్య ఎక్కి ఆ మొహాన్ని కత్తిరించి తెచ్చాడు. ఎర్నమ్మ తాతగారి ఫోటో పటంలోంచి తీసి, ఆ పటంలో నూకరాజు గారిని పెట్టింది. పటానికి ఉన్న గంధప్పూసల దండ అలాగే ఉంచింది. కింద దీపం కూడా ఉంచింది. దండ తియ్యమని సోమలింగం గారు చెప్పలేదు కదా అంది.

మూడో సలహా బేరం గురించి. ముందు నోరు విప్పినవాడే నష్టపోతాడు, కొనేవాడు ఏమన్నా మీరు పలకకండి అన్నాడట. అంతే, నూకరాజు గారు వచ్చే రోజు పొద్దున్నించీ నలుగురూ మూతులు బిగించుకుని కూర్చున్నారు. నేను అరువుకి గ్లాసుడు పాలు అడగడానికి వెళ్తే నాతోనూ పలకలేదు. వచ్చింది ఎలాగూ వచ్చాను కదా అని తమాషా చూద్దామని నేనూ ఓ మూల కూర్చున్నాను.

నూకరాజు గారు భార్యతో సహా వచ్చారు. గడప దాటారు. ఎదురుగా గోడ మీద తనే, మెడలో దండ, కింద వెలుగుతున్న దీపం. పటం ముందు గంపల వాళ్ళు నలుగురూ చేతులు కట్టుకుని, నోరు మెదపకుండా. ఆయన భార్య పమిట నోట్లో కుక్కుకుని ఏడుపు లంకించుకుంది. ఏమిటిదని ఆయన అడిగారు. జవాబు లేదు. ఎవరు చెప్పారు మీకు, నా గురించి ఏమైనా విన్నారా అని అడిగారు. జవాబు లేదు. అప్పుడే సముద్రం మీంచి గాలి విసిరింది, బందులు లేని తలుపు ఆయన వెనకాలే ధడాలున పడింది.

"ఆ దండ ముందు తియ్యండయ్యా. మీరడిగిన రేటే ఇస్తాను," అన్నారు నూకరాజు గారు.

వాళ్ళు అడిగితే కదా రేటు. నలుగురూ గుడ్లప్పగించి చూస్తూ ఊరుకున్నారు. ఆయన రేటు పెంచారు. ఉలుకూ పలుకూ లేదు. ఇంకా పెంచారు. ఆఖరికి బేరం ఖాయం చెయ్యడానికి జేబులో తెచ్చుకున్న బజానా సొమ్మంతా తీసి పైడమ్మ ఒళ్ళో పడేసి, తన మొహం తనే పటంలోంచి పీక్కుని, భార్యని పట్టుకుని వెళ్ళిపోయారు. ఎప్పుడూ లేనిది, గవ్వలపాలెంలో ఒక ఇల్లు దాని విలువకి రెట్టింపు పలికింది. గంపల వాళ్ళు మళ్ళీ తమ ఇంటి వైపు వేలు చూపించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తెలివైనవాళ్ళం మేం అమ్ముకుంటే సగం రేటు కూడా రాదు మరి.

రిజిస్ట్రేషన్ అయింది, పూర్తి సొమ్ము ముట్టింది. అందులో కొంత పెట్టి మెట్టవీధిలో చిన్న పెంకుటిల్లు కొన్నారు. బాగుంది ఇల్లు, కాదనను. గోడలకి చెమ్మ లేదు, కప్పు చక్కగా ఉంది. పైడమ్మని రిక్షాలో తీసుకెళ్ళి చూపిస్తే ఆవిడ చాప కూడా లేకుండా నేల మీద చెయ్యి ఆనించి, పొడిగా ఉందే అని ఏడిచింది. నాకూ కళ్ళు చెమర్చాయి.

మిగిలిన సొమ్ము సంగతి సోమలింగం గారినే అడిగారు. ఇంట్లో పెట్టుకోకండి, అంతా ఒక్కచోట పెట్టకండి, పెట్టిన చోటుని మాటిమాటికీ తలుచుకోకుండా మర్చిపోండి, అప్పుడే డబ్బు పెరుగుతుంది అన్నాడట. బ్యాంకు గురించి చెప్పాడు మహానుభావుడు. ఆ ముక్క చెప్పేలోగా పెసరట్టు అయిపోయింది. ఇంకేముంది, గంపల వాళ్ళు నోట్లు పట్టుకుని బయల్దేరారు. కొంత తిరగేసిన పడవ కింద పెట్టారు, కొంత కొబ్బరిచెట్టు మొవ్వులో కుక్కారు, కొంత ఇసకలో పాతారు. తర్వాత కూర్చుని శ్రద్ధగా మర్చిపోయారు. గవరయ్యకి పడవ గుర్తుండిపోతోందని అన్నా వదినా కలిసి తిట్టి తిట్టి మరిపించారు. ఆ పడవ తెల్లారగానే వేటకి పోయింది. మెట్ట ఇంటికి మరమ్మతంటూ వస్తే పెట్టడానికి ఇక వాళ్ళ దగ్గర లారీ కిరాయి తప్ప చిల్లిగవ్వ లేదు. అది కూడా వాళ్ళు మర్చిపోయారు.

సామాను ఎక్కించే రోజు వచ్చింది. లారీ ఎక్కాక ఒక్క వస్తువు కూడా పగలకూడదు, ఆ జాగ్రత్త ముందే తీసుకోండి అని సోమలింగం గారి హెచ్చరిక. తీసుకున్నారు. గాజు గ్లాసులు, పింగాణీ పళ్ళేలు, అద్దం, ఆవకాయ జాడీలు, అన్నీ వాకిట్లో పెట్టుకుని రుబ్బురోలు పొత్రంతో ముందే పగలగొట్టేశారు. పెంకులన్నీ గోనెసంచుల్లో కట్టి లారీ ఎక్కించారు. మెట్టకి చేరాక ఎర్నమ్మ సంచులు విప్పి చూసుకుని, దారిలో ఒక్కటీ పగల్లేదని లారీ డ్రైవర్‌ని మెచ్చుకుంది. ఆ అబ్బాయి డబ్బులు కూడా లెక్కెట్టుకోకుండా బండి తిప్పుకున్నాడు.

పడమట మబ్బు పట్టింది. సామానంతా వీధిలో ఉంది, నడిమధ్య మంచం మీద పైడమ్మ ఆయాసపడుతూ ఉంది. చినుకు పడేలోగా ఆవిడని లోపలికి చేర్చాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. గంపల వాళ్ళకి మాత్రం ముందు పాలు పొంగాలి. పాలు పొంగేదాకా పాలూ గిన్నే తప్ప పుల్లముక్క కూడా లోపలికి వెళ్ళకూడదనీ, పాలు అంచు దాటి నేల మీద పడాలనీ, గిన్నె ఎంత పెద్దదైతే సిరి అంత పెద్దదనీ సోమలింగం గారు చెప్పి పంపాడు. వీళ్ళు ఊరందరి పెళ్ళిళ్ళకీ పులుసు కాచే గుండిగ అద్దెకి తెచ్చారు. అందులో రెండు చెంబుల పాలు పోశారు. అడుగు కూడా సరిగ్గా తడవలేదు.

స్టవ్వు సామాను కదా, అది లోపలికి రాకూడదు. కట్టెలు పుల్లలే కదా, అవీ రాకూడదు. అగ్గిపెట్టె ఎర్నమ్మ రొంటిన ఉంది. రొంటిన ఉన్నది మనిషి లెక్కేనని దాన్ని ఒప్పుకున్నారు. గోడలోంచి మూడు ఇటుకలు ఊడబెరికి పొయ్యి పెట్టారు. ఇక మంటకి ఏం వెయ్యాలని దాలినాయుడు చాలాసేపు ఆలోచించాడు. తలెత్తి చూశాడు. అక్కడ వాసాలున్నాయి. ఆ పుల్లలు బయట్నించి వచ్చినవి కాదు, ఇంటివే.

గవరయ్య పైకెక్కాడు. పెంకులు తోశాడు, ఒక వాసం లాగాడు. పాలు కాగాయి గానీ పొంగలేదు. ఇంకోటి లాగాడు. గుండిగ అడుగున పాలు కుతకుతమంటున్నాయి, అంచు ఎక్కడో ఆకాశంలో ఉంది. మంట చాలట్లేదని దాలినాయుడు, వాసం తడిసి ఉందని ఎర్నమ్మ, పొయ్యి వాస్తు బాగోలేదని గవరయ్య. గుండిగ మార్చండ్రా అని నేను వీధిలోంచి మొత్తుకున్నాను. పెద్ద సిరి పోతుంది పిన్నీ అన్నారు. పోనీ ముసల్దాన్నయినా లోపల కూర్చోబెట్టండ్రా అన్నాను. పొగ ఆవిడకి పడదని దాలినాయుడు నాకే బుద్ధి చెప్పాడు.

దూలం కూడా పొయ్యిలోకి వెళ్ళాక వాన మొదలైంది. చినుకు కాదు, కుంభవృష్టి. కప్పు లేదు కదా, ఉన్న వానంతా గుండిగలోనే పడింది. మంట ఆరిపోయింది. గుండిగ మాత్రం నిండుతోంది, తెల్లగా, మెల్లగా పైకి. గంపల వాళ్ళు ముగ్గురూ చుట్టూ నిలబడి చేతులు జోడించారు. ఆ తెల్లనీళ్ళు అంచు దాటి నేల మీద పడ్డాయి.

"పొంగాయే అమ్మా," అని దాలినాయుడు వీధిలోకి కేకేశాడు. ఇంత నిండుగా పొంగిన పాలు ఊళ్ళో ఎవరింట్లోనూ చూడలేదని ఎర్నమ్మ కళ్ళొత్తుకుంది.

అంతే, సామాను లోపలికి చేరింది. పగిలిన జాడీల సంచులు మూల సర్దారు. నీళ్ళోడుతున్న పరుపు మంచం మీద పరిచారు. ఇద్దరు కొడుకులూ తల్లిని జాగ్రత్తగా ఎత్తి తెచ్చి, ఆ పరుపు మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పారు. నేనూ వాళ్ళ వెనకే లోపలికి వచ్చాను. వాన మొహం మీద పడుతుంటే ఆవిడ కళ్ళు మూసుకుంది. వాన లోపలికి రాకుండా గవరయ్య వీధి తలుపు గడియ పెట్టాడు. అయినా వస్తూనే ఉంది. దాలినాయుడు పెరటి తలుపు కూడా వేశాడు. ఎర్నమ్మ కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. ఎక్కణ్ణించి వస్తోందో ముగ్గురికీ అంతుపట్టలేదు. ముసల్దాని ఊపిరి పిల్లికూతలు కూస్తోంది.

ఇక నాకు ఓపిక నశించింది. వాళ్ళనీ సోమలింగాన్నీ కలిపి నోటికొచ్చినట్టు తిట్టి, నా గొడుగు విప్పి ఆవిడ మీద పట్టబోయాను. పైడమ్మ కళ్ళు తెరిచి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ముయ్యవే," అంది. "ఎన్నాళ్ళకో పొడి ఇంట్లోకి వచ్చాను. ఇంట్లో గొడుగు వెయ్యకూడదు, అరిష్టం."

ఇంకేముంది, ఇల్లు ఆవిడది. గొడుగు మూసేసి మంచం పక్కనే కూర్చున్నాను.