పొయ్యి ఆర్పాక వేసే అట్టు

పిల్లలూ, మన కారు బొత్తాం నొక్కగానే నోరు మూసుకుంటుంది. అందుకే ఈ కథ మీకు చెప్పాలని ఇన్నాళ్ళూ నాకు తోచలేదు. తప్పు నాదే. ఇప్పుడు వినండి.

పాడేరులో, ఘాట్ రోడ్డు ఎక్కి రాగానే సత్తార్ ఉస్తాద్ మెకానిక్ షెడ్డు ఉండేది. ఆయన శిష్యుడు సన్నిబాబు. చెయ్యి మంచిది, మీసం ఇంకా మంచిది. నోరే కొంచెం పెద్దది.

ఒకరోజు పొద్దున్న టాక్సీ గౌరీసు తన పాత పెట్రోలు కారు తెచ్చి షెడ్డు ముందు నిలిపాడు. తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఇంజిన్ ఆగలేదు. డుగ్గుడుగ్గుమని దగ్గుతూ అర నిమిషం ఊగిపోయింది.

“మొన్న బాగుచేసింది నువ్వే కదేటి సన్నిబాబూ? తాళం నా జేబులో ఉంది, కారేమో ఇంకా కబుర్లు చెబుతోంది!”

షెడ్డు ముందు బెంచీ మీదున్న వాళ్ళంతా నవ్వారు.

సన్నిబాబుకి రోషం పొడుచుకొచ్చింది. “పొద్దుగూకే లోపల దీని నోరు మూయించకపోతే నా మీసం తీసేస్తాను!”

“కత్తెర నేను తెస్తాలే,” అన్నాడు గౌరీసు.

సన్నిబాబు తాళం స్విచ్చి మార్చాడు. వైర్లు మార్చాడు. ఆఖరికి బ్యాటరీ వైరు కూడా పీకి చూశాడు. బండి వేడెక్కాక తాళం తీస్తే మళ్ళీ అదే డుగ్గుడుగ్గు.

“కరెంటే లేదు ఉస్తాద్! మరి మంట ఎక్కణ్ణుంచి వస్తోంది?”

“ఆకలేస్తోంది, పద,” అన్నాడు ఉస్తాద్.

పక్కనే పైడమ్మ టిఫిన్ బండి. రోజూ పొయ్యి ఆర్పేశాక, పెనం వేడి వృథా పోకుండా ఆవిడ ఒక్క అట్టు వేసేది. అది ఉస్తాద్ వాటా.

“పొయ్యి ఆర్పేశావా పైడమ్మా?”

“ఇందాకే ఆర్పేశాను బావూ.”

ఉస్తాద్ నీళ్ళ గ్లాసులో వేళ్ళు ముంచి పెనం మీద చిలకరించాడు. చుయ్యిమంది. పైడమ్మ పిండి పోసింది. అట్టు కాలగానే ఉస్తాద్ మొదటి ముక్క తుంచి శిష్యుడి చేతిలో పెట్టాడు.

“కాలిందా?”

“కాలింది.”

“దేంతో?”

సన్నిబాబు ఆరిపోయిన పొయ్యిని చూశాడు. పెనాన్ని చూశాడు. నమలడం ఆపేశాడు.

“ఉస్తాద్! ఇంజిన్ లోపల పెనం ఉంది!”

పరుగెత్తాడు. ఇంజిన్ పైమూత, అదే హెడ్డు, విప్పితే లోపల మసి గోరుమందాన పెచ్చు కట్టి ఉంది. నిప్పులా కాలి, తాళం తీశాక కూడా పెట్రోలును అంటిస్తున్నది అదే. అంతా గీకి, తుడిచి, బిగించాడు.

సాయంత్రం గౌరీసు సగం ఘాట్ దిగి మళ్ళీ ఎక్కి వచ్చాడు. తాళం తీశాడు.

చప్పుడు లేదు.

“ఒప్పుకున్నాను బాబూ. మీసం నీదే,” అని దండం పెట్టాడు.

సన్నిబాబు మీసం దువ్వాడు. “కబుర్లు చెబుతోందన్నావు కదా! కత్తెర తెస్తానన్నావు కదా! ఏదీ, తియ్యి కత్తెర! ఎవరి చెయ్యి అనుకున్నావు ఇది?” గౌరీసు మళ్ళీ దండం పెట్టాడు. బెంచీ మీదవాళ్ళు లేచి ఇళ్ళకు పోయారు. సన్నిబాబు ఇంకా అంటూనే ఉన్నాడు.

ఉస్తాద్ నీళ్ళ గ్లాసుతో వచ్చాడు. వేళ్ళు ముంచి సన్నిబాబు నెత్తి మీద చిలకరించి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

“ఇంకా చుయ్యిమంటోందిరా,” అన్నాడు.

సన్నిబాబు ఉస్తాద్ చేతిలోని గ్లాసు అందుకుని, మిగిలిన నీళ్ళు తనే తాగేశాడు.

పిల్లలూ, మీరూ మీ పిల్లలకు చెప్పండి. పొయ్యి ఆర్పేసి ఉందన్న మాట మాత్రం మరిచిపోవద్దు, అది లేకపోతే కథే లేదు. అలాగని పెనం ముట్టుకోవద్దని కూడా చెప్పండి.