ఆరని పొయ్యి

అనగా అనగా అలల పక్కన ఒక ఊరు. ఆ ఊళ్లో ఓడ నడిపే సరంగు ఎర్రన్న, అతని భార్య నూకాలు. ఎర్రన్న దూరదేశపు బేరానికి ఓడెక్కి పోయాడు. అతను వెళ్లాక పుట్టిన పసిబిడ్డ తాటాకింట్లో, చీర ఉయ్యాల్లో పెరుగుతోంది. తండ్రి ఆ బిడ్డ ముఖమైనా చూడలేదు.

మొగుడు సముద్రం మీదున్నన్నాళ్లూ ఇంట్లో పొయ్యి ఆరకూడదని ఆ ఊరి ఆచారం. నూకాలు పొయ్యి ఆర్పేది కాదు సరే, పొయ్యి దగ్గర నిలిచేదీ కాదు. చెయ్యి గరిటె మీద, మనసు కెరటాల మీద. అతని గొంతు వినాలని, అతని పక్కన కూర్చుని ఒక్క ముద్ద తినాలని ఆమె ప్రాణం కొట్టుకునేది.

ఒకనాడు అన్నం ఉడుకుతుండగా దూరాన తెరచాప కనిపించింది. "ఇలా వెళ్లి అలా వస్తాలే" అని పరుగెత్తింది. అది పరాయి ఓడ. తిరిగొచ్చేసరికి అన్నం మాడి బొగ్గయింది.

ఇంటి పిల్లి మూతి తిప్పింది. "అందరిళ్లలో పిల్లి పొయ్యిలో పడుకుంటుంది. ఈ ఇంట్లో నాకు కాపలా పని పడింది."

మరోనాడు పులుసు మరుగుతుండగా మళ్లీ తెరచాప, మళ్లీ పరుగు, మళ్లీ పరాయి ఓడే. ఈసారి మంట కట్టె వెంట బయటికి పాకి, ఉయ్యాల అంచు దాకా వచ్చింది. పిల్లి అరుపులకు ఇరుగుపొరుగు వచ్చి పాకిన మంట మీద నీళ్లు కుమ్మరించారు. రేవు నుంచి తిరిగొచ్చిన నూకాలు బిడ్డను గుండెకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నిప్పు ఆరకూడదన్నారు గానీ, దాని దగ్గర మనిషి ఉండకూడదని ఎవరన్నారమ్మా?" అంది పిల్లి.

మూడోసారి గారెలకు నూనె కాగుతోంది. "నూకాలూ, మీ ఎర్రన్న ఓడొచ్చిందే" అని వీధిలో కేక. గుమ్మంలోంచి చూస్తే నిజంగా అదే ఓడ. తెరచాప మీద తను కుట్టిన అతుకు కనబడుతోంది. మనసు అప్పుడే రేవుకు పోయింది. కాళ్లు మాత్రం వెనక్కి తిరిగాయి.

మూకుడు దించింది. కట్టెలు బయటికి లాగి ఆర్పింది. లోపలి నిప్పులు ఆరిపోకుండా వాటి మీద బూడిద కప్పింది. ఆ తర్వాతే బిడ్డను చంకనెత్తుకుని కదిలింది.

సగం దారిలో ఎర్రన్న ఎదురొచ్చాడు. "రేవులో అందరూ ఉన్నారు, నువ్వు లేవు. నా గుండె జారిపోయిందే" అన్నాడు.

"పొయ్యి మీద నూనె ఉంటే దించొచ్చాను మావా" అంటూ బిడ్డను అతని చేతుల్లో పెట్టింది. ఎర్రన్న ఆ ముఖం తొలిసారి చూసి, నుదుట ముద్దు పెట్టుకున్నాడు.

ఇంటికెళ్లి బూడిద తీసి ఊదితే నిప్పు లేచింది. ఆచారమూ నిలిచింది, ఇల్లూ నిలిచింది. ముగ్గురూ పొయ్యి పక్కనే కూర్చున్నారు.

ఎదురుచూపు కాసేపు ఆగుతుంది గానీ, పొయ్యిలో మంట ఆగదు. రగిలించినవాళ్లు దాని దగ్గరుండాలి, లేదా అణచి కదలాలి.