గడ్డివాలు మీద జారుడుబండ

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక కొండ, ఆ కొండ కింద మండు వేసవిలోనూ ఎండని ఒక మడుగు. అక్కడి జంతువులకు ఒక మంచి అలవాటు ఉండేది. తొలకరికి ముందు అందరూ కూర్చుని ఏ చోటు దేనికో తేల్చుకునేవారు. దుంపలు తవ్వేది ఇక్కడ, గూళ్ళు కట్టేది అక్కడ, నీళ్ళకు దిగే దారి ఇదీ అని. కొండవాలు మీది గడ్డిని మాత్రం ఎవరూ ముట్టకూడదు.

బూరన్న అనే ఎలుగుబంటికి ఇది నచ్చలేదు.

"అంత చోటు ఊరికే పడి ఉంది కదా" అన్నాడు.

"ఊరికే లేదన్నా, మట్టిని పట్టుకుని కూర్చుంది" అంది గంగులు. గంగులు మడుగు గట్టున పిల్లలతో కాపురముండే నీటికుక్క.

"మట్టి ఎక్కడికి పారిపోతుంది చెల్లెమ్మా?" అంటూ, తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించాడు బూరన్న. పక్కనే ఉన్న కుందేలు కంగారుగా తన కాళ్ళు లెక్కపెట్టుకుంది.

మర్నాడే బూరన్న తన వీపంత వెడల్పున పైనుంచి కిందదాకా గడ్డి పీకేశాడు. నీళ్ళు చల్లి, కూర్చుని, జారాడు. జర్ర్‌ర్... బుడుంగ్! పొట్ట గొంతులోకొచ్చింది. ఇంత సంతోషం తేనెపట్టులో కూడా లేదనుకున్నాడు.

అది చూసి అడవిపంది తనకో జారుడుబండ చేసుకుంది. కోతులు తమకొకటి చేసుకున్నాయి. ఇక ఆడింది ఆట!

"అన్నా, నీళ్ళు ఎర్రబడ్డాయి. పిల్లలకు చేపలు కనబడటం లేదు" అంది గంగులు.

"ఇదిగో, ఈ ఒక్కసారే" అన్నాడు బూరన్న. ఆ మాట పొద్దస్తమానం అంటూనే జారాడు.

ఇంతలో పెద్దవాన పట్టుకుంది. తడి మీద ఇంకా బాగా జారవచ్చని బూరన్న పరుగెత్తుకెళ్ళి కూర్చున్నాడు. ఇంకా తోసుకోనే లేదు, వాలే కదిలింది. "ఆహా, దానంతటదే పోతోందే" అని మురిసిపోయాడు. పక్కన చెట్లు కూడా తనతోపాటే జారుతున్నాయని అప్పుడు చూశాడు.

ఈసారి బుడుంగ్ అనలేదు. థప్ అంది. బూరన్న మెడదాకా బురదలో ఉన్నాడు. గంగులు అప్పటికే పిల్లలను అవతలి గట్టుకు చేర్చింది.

"చెల్లెమ్మా, మడుగేదీ?"

"దాని మీదే కూర్చున్నావన్నా."

గంగులు పిల్లలతో దూరపు ఏటికి వెళ్ళిపోయింది. బూరన్నకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ రోజు నుంచే గోళ్ళతో పూడిక తవ్వడం మొదలుపెట్టాడు. పంది కోరలతో సాయం పట్టింది. కోతులు వాలు మీద గడ్డిదుబ్బులు నాటాయి. వేసవిలో అందరూ నాలుకలు వేలాడేసుకుని ఆ దూరపు ఏటికే నడిచారు. బూరన్న పుక్కిట పట్టి తెచ్చిన నీళ్ళు మాత్రం గడ్డికే పోశాడు.

మరుసటి వానాకాలానికి గడ్డి నిలిచింది. కొండ మీంచి తేటనీరు దిగి మడుగు నిండింది. గంగులు పిల్లలతో తిరిగి వచ్చింది. ఏటి గట్టున పుట్టిన చిన్నది బూరన్న దగ్గరకు గెంతుతూ వచ్చి అడిగింది.

"మామా, ఇక్కడ పెద్ద జారుడుబండ ఉండేదట కదా?"

"ఉండేది తల్లీ" అన్నాడు బూరన్న. "అది వచ్చాకే మడుగు పోయింది."

నీతి: ఖాళీగా కనబడే చోటు పనిలేని చోటు కాదు. అందరూ కలిసి అనుకుని విడిచిపెట్టిన నేలే అందరి నీళ్ళనూ కాపాడుతుంది.